సూసన్న పేరు మీద కొట్టు

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో సూసన్నను ఎరిగినవాళ్లు ఆమె గురించి ముందుగా చెప్పే సంగతి, ఆవిడ దేన్నీ ఒక్కసారి చూసి నమ్మదన్నది. చేపలు తూయించుకునే ముందు కాటా మీద సున్నా చూపించమంటుంది. పాలు పోయించుకున్నాక గిన్నె వంచి, అంచుకు అంటిన పొర ఎంతసేపు నిలుస్తుందో గమనిస్తుంది. బ్యాంకు నుంచి సందేశం వస్తే అది బ్యాంకుదేనా అని పంపిన నంబరును చివరి అంకె దాకా చదువుతుంది. గోల్ బజార్ దగ్గరి ఒక ప్రైవేటు పరీక్షశాలలో ఆమె ముప్పయ్యేళ్లకు పైగా రక్తం, మూత్రం పరీక్షించింది. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని అక్కడ చేరిన నాటి నుంచి ఒక పద్ధతి తప్పలేదు: ఉండవలసిన హద్దు దాటి ఏ అంకె కనిపించినా అదే నమూనాను మళ్లీ పరీక్షించాకే కాగితం మీద సంతకం. ఆ సంతకం కూడా పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరు. ఆ పేరు చూశాక ఊళ్లో డాక్టర్లు రోగిని మరో చోటికి పంపేవారు కాదు.

ఆ పేరు మీద ఇప్పుడొక కొట్టు ఉంది. దానికి తలుపులు, అరలు లేవు. ఫోన్లో మాత్రమే కనిపించే కొట్టు. సూసన్న కోడలు తబిత లేసు అల్లుతుంది. పూరీ గేట్‌లో ఉండే పుట్టింట్లో, నర్సాపురం వైపు నుంచి వచ్చిన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. టీపాయి మీద పరిచే గుడ్డ ఒకటి అల్లడానికి ఆమెకు తొమ్మిది సాయంత్రాలు పడుతుంది. రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడదామనుకున్నప్పుడు తబితకు పాన్ కార్డు లేదు. అది వచ్చేదాకా అని సూసన్న తన కార్డు, బ్యాంకు ఖాతా, పేరు ఇచ్చింది. కార్డు తరువాత వచ్చింది గానీ పేరు మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కొట్టు పేరు "సూసన్న లేసులు" గానే ఉండిపోయింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీద స్త్రీల సమాజం అధ్యక్షురాలు జ్ఞానరత్నం ఆమె పక్కకు వచ్చి నిలబడింది.

"వందనాలు సూసన్నా. మా మనవరాలు ఫోన్ల సూపించినాది. నీ పేరెట్టి ఎవరో ఏటో రాసినారేటి?"

"నా పేరెట్టా? ఏటని రాసినారు?"

"ఏమోనమ్మా, మనకెందుకు. నువ్వలాటి మనిసివి కావని నేనన్నాను. అడిగినోళ్లందరికీ అదే సెప్తన్నాను."

అడిగినవాళ్లు ఉన్నారన్నమాట. సూసన్న గొడుగు విప్పుకుని, ఆటో కోసం ఆగకుండా నడిచి ఇంటికి చేరింది. కళ్లద్దాలు తుడుచుకుని ఫోన్ తెరిచింది. కొట్టు పేరు కింద, కొన్నవారు అభిప్రాయాలు రాసే చోట, కొత్తది ఒకటి ఉంది.

"అల్లిక బాగుంది. మనుషులు బాగాలేరు. పోస్టు ఖర్చని నూట ముప్పై తీసుకున్నారు. పొట్లం మీద పోస్టాఫీసు స్టిక్కరు డెబ్బై. మిగిలిన అరవై ఏ పోస్టాఫీసుకు వెళ్లిందో సూసన్న గారే చెప్పాలి. – మీనాకుమారి, జంషెడ్‌పూర్."

సూసన్న దాన్ని రెండుసార్లు చదివింది. పోస్టుకు ఎంత తీసుకుంటారో ఆమెకు ఇంతవరకు తెలియదు. అమ్మకం సొమ్ము ఆమె ఖాతాలో పడేది, ఆమె దాన్ని మొత్తంగా తబితకు ఇచ్చేసేది. లోపలి గదిలో తబిత పాత క్రైస్తవ గీతమేదో సన్నగా పాడుకుంటూ బట్టలు మడతపెడుతోంది. ఆ పాట ఆ క్షణంలో సూసన్నకు మామూలు పాటలా వినిపించలేదు.

వెంటనే అడగలేదు. ప్రశ్న కంటే ముందు కొలత ఉండాలన్నది ఆమె పద్ధతి. మరుసటి రోజు తబిత స్నానానికి వెళ్లినప్పుడు, కేకులకు పిండి తూచే చిన్న కాటాను బల్ల మీద పెట్టింది. పంపడానికి సిద్ధంగా ఉన్న పొట్లం రెండు వందల ముప్పై గ్రాములు. విప్పి చూసింది. గంజి పెట్టిన లేసును మడత పడకుండా పల్చటి కాగితంతో కలిపి గట్టి అట్టగొట్టానికి చుట్టి ఉంది. లేసు ఒక్కటే తూస్తే నూట ఐదు. అంటే బరువులో సగానికి పైగా గొట్టం, కాగితం, టేపు. ఎలా ఉన్నదాన్ని అలా చుట్టి అతికించి, టేపు అంచును గోటితో నొక్కి, అదే పొట్లాన్ని చేతబట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లింది.

కిటికీ వెనక బెంగాలీ గుమాస్తా ఆమెను చూసి నవ్వాడు. "మాసిమా, ఇవాళ మీరొచ్చారేంటి? బౌమాకు ఒంట్లో బాగాలేదా?"

"కోడలు బాగానే ఉంది. ఈ పొట్లాలకు ఎంత కడతాది దాదా?"

"స్టిక్కరు మీద ఎంత వస్తే అంత. ఒక్క పైసా బేసి నయ్, ఎక్కువ లేదు." అతను పొట్లాన్ని కాటా మీద పెట్టి, స్టిక్కరు అంటించి చూపించాడు. డెబ్బై. దూరాన్ని బట్టి నాలుగు రూపాయలు అటూ ఇటూ, అంతే.

ఆ వారమంతా సూసన్న కోడలిని కనిపెట్టి చూసింది. మలంచా వైపు ఆటో ఎక్కి వెళ్లి ఏమీ కొనకుండా తిరిగి రావడం చూసింది. పూరీ గేట్‌కు ఫోన్ చేసి "ఈ నెల కొంచెం సర్దినానమ్మా" అనడం విన్నది. తబిత తమ్ముడు కొత్త మోటారు సైకిలు కొన్నాడన్న సంగతి గుర్తొచ్చింది. నెలకు మూడు గుడ్డలు, ఒక్కోదానికి అరవై. దానితో మోటారు సైకిలు రాదని ఆమెలోని లెక్క తెలిసిన మనిషికి తెలుసు. అయినా గుర్తొచ్చింది.

కొడుకు రాబిన్ రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియను. డ్యూటీ నుంచి వచ్చి కంచం ముందు కూర్చుని, తల్లి చూపు ఎటు తిరుగుతోందో గమనించాడు.

"అమ్మా, ఏటలా సూస్తన్నావు దాన్ని? రేపో మాపో మా ఆవిడ రక్తం తీసి టెస్టుకెట్టీలాగున్నావు."

"అవసరమైతే తీస్తాను," అంది సూసన్న నవ్వకుండా. తరువాత ఫోన్ తబిత ముందు పెట్టింది. "ఇది సదువు."

తబిత చదివింది. మొహం ఎర్రబడింది, కానీ కళ్లు దించలేదు.

"ఆ అరవై ఏదీ?" అని అడిగింది సూసన్న.

"ముప్పై పొట్లానికి పోద్ది అత్తా. మలంచాల బట్టల కొట్టోళ్లు అట్టగొట్టాలు ఊరకే ఇస్తారు, గాని ఆటో ఊరకే రాదు గదా. కోయించాల, కాగితం కొనాల, టేపు కొనాల."

"మరి మిగతా ముప్పై?"

"అది నాది."

రాబిన్ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"నీదంటే?"

"నా పనిది. మొదట్ల గుడ్డకి తొమ్మిదొందలెట్టినాను. ఒక్కలు కూడా ఊరుకోనేదు. తగ్గించు తగ్గించు తగ్గించు. మెషిను మీద వచ్చినాది మూడొందలకే దొరుకుతాదని ఒకామె ఫొటో కూడా ఎట్టినాది. అడిగినోళ్లకి ఏడొందలకి దింపినాను, అప్పుడూ అదే బేరం. గాని పోస్టు కాడ ఒక్కలంటే ఒక్కలు నోరెత్తినారా? అదేదో రైలు టికెట్టు రేటులాగ, ఇచ్చేత్తారు. పనికి అడిగితే దోపిడీ అంతారు అత్తా, పోస్టుకి అడిగితే మాటాడరు. అందికే కొంచెం అటెట్టినాను."

సూసన్నకు కోడలి మాటలో అబద్ధం కనిపించలేదు. అదే ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

"తబితా, రోగికి చక్కెర ఎక్కువున్నాదని కాగితం మీద హిమోగ్లోబిన్ గడిలో రాస్తామేటి? ఏ గడి అంకె ఆ గడిలోనే ఉండాల. పోస్టు అని రాసినాక అది పోస్టుదే అవ్వాల. నీ పనికి విలువ నేదని నేనననేదు. గాని దాన్ని ఇంకో పేరు కింద దాసినావు. ఆ పైన ఉన్నాది నా పేరు."

"మీరే సెప్పండి మరి. ఏటి సెయ్యమంతారు?"

అందుకు జవాబు దొరకకముందే రెండో కబురు వచ్చింది. అది వచ్చింది మీనాకుమారి నుంచే. మొదటి గుడ్డకు జోడీగా అలాంటిదే ఇంకొకటి ఆర్డరు పెట్టి, కింద ఒక మాట రాసింది: "పని బాగుంది కాబట్టి మళ్లీ అడుగుతున్నాను. ఈసారి పోస్టుకు ఎంత వేస్తారో చూస్తాను."

సూసన్నకు ఆ వాక్యం సవాలులా తోచింది. పోస్టు గడిలో సున్నా వేయమంది.

"సున్నా ఏటత్తా? డెబ్బై మనం కట్టుకోవాలా?"

"ఎవులూ కట్టక్కర్నేదు. ఆమోసు బాబు గురువారం టాటా ఎల్తన్నాడు, జంషెడ్‌పూర్ల కూతురి కాడికి. అతని సేతికిస్తాను."

ఖరగ్‌పూర్‌లో పాతవాళ్లకు, ఒక వస్తువును మరో ఊరికి పంపడానికి ఖర్చవుతుందన్న సంగతి సులువుగా తట్టదు. ఇక్కడి నుంచి బయలుదేరే ఏ రైల్లోనైనా ఎవరో ఒకరు తెలిసినవాళ్లుంటారు. రైల్వే పాస్ మీద వెళ్లేవాళ్ల సంచిలో ఇంకెవరిదో పనసకాయ, పెళ్లికార్డుల కట్ట, మందుసీసా, పళ్లసెట్టు ఎప్పుడూ ఉంటాయి. అవతలి స్టేషన్లో దిగి, అడ్రసు వెతికి, ఇచ్చి, టీ తాగి వస్తారు. సూసన్న పెళ్లికి కావలసిన తెల్లచీర కూడా విజయనగరం నుంచి ఒక గార్డు పెట్టెలో వచ్చింది. కాబట్టి ఆమెకు ఇందులో సందేహించవలసింది ఏమీ కనిపించలేదు. అన్నిటినీ రెండోసారి చూసే మనిషి దీన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

తబిత మాత్రం అంది. "అత్తా, పోస్టోళ్లిచ్చే నంబరు ఫోన్ల ఎక్కిస్తే గాని కొట్టు కంపెనీవోళ్లు మనం పంపినట్టు లెక్కెట్టరు."

"మనిసి సేతికి మనిసి ఇచ్చినాక నంబరెందుకే?"

ఆమోసు రిటైరైన గార్డు. రాబిన్ తండ్రితో కలిసి చర్చి పాటల బృందంలో పాడినవాడు. సూసన్నను వదినా అంటాడు. పొట్లం తీసుకుని, గురువారం టాటా బండి ఎక్కాడు. ఆదివారం తిరిగి వచ్చి, నేరుగా సూసన్న ఇంటికే వచ్చాడు. పొట్లం అతని చంకలోనే ఉంది.

"ఏటిది ఆమోసు బాబూ? ఇల్లు దొరకనేదా?"

"ఇల్లు దొరికినాది వదినా. కదమా అనే పేట, మూడో వీధి. మనిసే దొరకనేదు." అతను కుర్చీలో కూలబడి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "తలుపు గొలుసు తియ్యకుండా సందులోంచి సూసినాది. ఎవరంటే సూసన్నమ్మ పంపినాదన్నాను. ఏ కంపెనీ అన్నాది. కంపెనీ ఏటమ్మా, మాది ఖరగ్‌పూర్ అన్నాను. ఓటీపీ ఉందా అన్నాది. నేదన్నాను. డబ్బులెంతివ్వాలన్నాది. ఏటీ వద్దమ్మా, నువ్వు పుచ్చుకుంతే సాలు అన్నాను. అంతే! అప్పుడేసేసినాది తలుపు."

"వద్దన్నందుకా?"

"వద్దన్నందుకే! పదో పరకో అడిగుంటే తీసేదే వదినా. పైగా కిటికీలోంచి నా ఫొటో తీసినాది. ముప్పయ్యారేళ్లు బండి వెనకాల పచ్చజెండా ఊపినోణ్ని, దొంగోడి ఫొటో తీసినట్టు తీసినాది!"

రాబిన్ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లిపోయాడు. సూసన్న నవ్వలేదు. పేపర్లో వచ్చే మోసాలు ఆమె రోజూ చదువుతుంది: ఎవరో పొట్లం తెస్తారు, మీరు ఇవ్వవలసింది ఏమీ లేదంటారు, ఒక్క అంకె చెప్పమంటారు. మీనాకుమారి స్థానంలో తానున్నా గొలుసు తీసేది కాదు. ఈ సంగతి ఆమె పైకి అనలేదు.

మరుసటి రోజు ఆన్‌లైన్ కొట్లు నడిపే కంపెనీ నుంచి సందేశం వచ్చింది. గడువులోగా పంపిన ఆధారం లేనందున ఆర్డరు రద్దయింది, కొన్నవారి డబ్బు తిరిగి ఇవ్వబడింది. "సూసన్న లేసులు" మీద ఒక హెచ్చరిక నమోదైంది. ఇంకొకటి వస్తే కొట్టు మూసివేయబడుతుంది. దాని కింద మీనాకుమారి రెండో అభిప్రాయం. "ఈసారి పోస్టు ఉచితమన్నారు. పోస్టు రాలేదు. ఏ గుర్తింపూ లేని ఒక ముసలాయన వచ్చాడు. నేను తలుపు తీయలేదు. అందరూ జాగ్రత్త."

ఇప్పుడా పేరు కింద దొంగలెక్క మాత్రమే కాదు, దొంగమనిషి కూడా చేరాడు.

తబిత వంటింటి గడప మీద కూర్చుంది. "నా వల్లే గదా అత్తా. కొట్టు మూసేత్తాను. మీ పేరు బయటికి తీసేత్తాను."

"మూసేత్తే రాసినాది నిజమైపోద్ది," అంది సూసన్న. "కొట్టు పోద్ది, ఆ రాత అక్కడే ఉంతాది. ఇది నీ వల్ల జరిగినాది కాదు. సున్నా ఎయ్యమన్నాది నేను. నంబరొద్దన్నాది నేను."

బుధవారం పొద్దున ఆమె టాటా టికెట్టు కొంది. రైల్వేలో పనిచేసి పోయిన భర్త పేరు మీద ఏడాదికొకసారి వచ్చే పాసును ఇంత చిన్న ప్రయాణానికి వాడడం ఇష్టం లేకపోయింది. జనరల్ పెట్టెలో కిటికీ పక్క చోటు దొరికింది. పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని, ఝార్‌గ్రామ్ దాటాక మొదలయ్యే సాలచెట్లను చూస్తూ, అవతలి మనిషితో ఏం మాట్లాడాలో ఆలోచించింది. తనను కూడా ఫొటో తీస్తే? పోలీసులకు ఫోన్ చేస్తే? ఆ మనిషి కావాలనే రెండో ఆర్డరు పెట్టి ఉచ్చు పన్నిందేమో? డబ్బు తిరిగి వచ్చాక ఇక ఆమెకు తలుపు తీయవలసిన అవసరమేముంది? స్టేషన్ నుంచి కదమాకు ఆటోవాడు అడిగింది విని సూసన్న అలవాటుగా బేరమాడబోయి, మళ్లీ ఏమనుకుందో ఊరుకుంది.

మూడో వీధిలో ఆకుపచ్చ తలుపు. గంట కొట్టింది. గొలుసు పొడవు మేరకు తలుపు తెరుచుకుంది. యాభై దాటిన ఆడమనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, చేతిలో ఎర్ర పెన్ను. ఇంట్లో పిల్లలకు లెక్కలు చెబుతుందని గుమ్మం పక్క బోర్డు ఉంది.

"ఎవరు కావాలి?"

"మీనాకుమారి గారు మీరేనా అమ్మా? నేను సూసన్నని. ఖరగ్‌పూర్ నుంచి."

"ఏ సూసన్న?"

"మీరు రాసిన సూసన్నని."

సందులోని కన్ను ఆమెను కిందికీ పైకీ చూసింది. "ఆధార్ సూపించండి."

సూసన్న సంచిలోంచి కార్డు తీసి సందులోంచి ఇచ్చింది. లోపల ఫోన్ వెలిగింది. కార్డు మీది పేరు, ఫోన్లోని కొట్టు పేరు, మనిషి మొహం. మూడూ పోల్చి చూడడానికి ఆమె తొందరపడలేదు. ఆ తొందరలేనితనం సూసన్నకు నచ్చింది. గొలుసు తీసిన చప్పుడైంది.

ముందుగదిలో టీపాయి మీద తబిత అల్లిన మొదటి గుడ్డ ఉంది. మీనాకుమారి మంచినీళ్లు తెచ్చి పెట్టింది గానీ కూర్చోమనలేదు. పొట్లం విప్పి, కొత్త గుడ్డను కిటికీ వెలుగుకెత్తి పట్టుకుని, అంచు పువ్వులను పెన్నుతో ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టింది. పాతదాని మీద పరిచి మూలలు కలిపింది. కలిశాయి.

"కూసోండి," అంది అప్పుడు. "ఆ ముసలాయన ఎవరు?"

"మా మరిది వరసవుతాడు. రిటైర్డ్ గార్డు."

"ఏటీ వద్దన్నాడండి. ఈ కాలంలో ఏటీ వద్దనేవోడు ఎవడండి?"

"మీరు తలుపు తియ్యకపోవడం సరే. నేనైనా తీసేదాన్ని కాను."

మీనాకుమారి ఆమెను మొదటిసారి తిన్నగా చూసింది. "మరి అరవై సంగతి?"

సూసన్న చెప్పింది. గొట్టం, కోత, కాగితం, ఆటో. మిగిలిన ముప్పై తబిత పనిది. దాచకుండా, ఎక్కువ చేయకుండా, పరీక్ష ఫలితం చదివినట్టు చెప్పింది.

"అయితే అది మోసమే గదండీ," అంది మీనాకుమారి. "పోస్టని రాసి కూలి తీసుకున్నారు. కూలి కావాలంటే కూలి అని రాయాల."

"మోసమే. అదే నేనూ అన్నాను. రాస్తే మీరిస్తారా?"

మీనాకుమారి పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. "తగ్గించమంటాను."

"మొదటిదానికి ఎంత తగ్గించినారు?"

"రెండొందలు." ఆ మాట అన్నాక ఆమె టీపాయి వైపు చూసింది. "తొమ్మిదొందలుంటే ఏడొందలకడిగినాను. వెంటనే ఒప్పేసుకున్నాది. ఒప్పుకున్నాదంటే ముందే ఎక్కువ ఏసినాదని అనుకున్నాను."

"తొమ్మిది సాయంత్రాలు పడతాదమ్మా ఒక్కోదానికి. నేను సూస్తుంతాను."

"అది నాకెలా తెలుస్తాది? ఎక్కడా రాయనేదు."

"రాయనేదు," అంది సూసన్న. "అదీ మా తప్పే."

లోపలి గదిలో పిల్లలు ఎక్కాలు తప్పుగా చదివితే మీనాకుమారి ఇక్కడి నుంచే గట్టిగా సరిచేసింది. లేచి టీ పెట్టింది. డబ్బు తెచ్చి సూసన్న ముందుంచింది. ఏడు వందల పైన మరో రెండు నోట్లున్నాయి. సూసన్న ఆ రెండింటినీ వెనక్కి జరిపింది. ఆర్డరులో ఉన్న ధర ఏడు వందలు. ఇప్పుడు వేరే అంకె పుచ్చుకుంటే ఆమె మళ్లీ అదే తప్పు చేసినట్టవుతుంది.

"మరి మీరొచ్చిన ఖర్చు? రైలు, ఆటో?" మీనాకుమారి గొంతులో మళ్లీ అనుమానం. "అదెందులో కలుపుతారు?"

"దేన్లోనూ కలపను. అది నా పేరుకైన ఖర్చు."

మీనాకుమారి ఫోన్ తీసుకుంది. "ఆ రెండూ తీసేత్తాను. ఇప్పుడే తీసేత్తాను, సూడండి."

సూసన్న ఆమె చేతి మీద చెయ్యి వేసింది. ఈ మాట కోసమే కదా తాను ఇంత దూరం వచ్చింది. అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. "తీసెయ్యొద్దు. మీరు రాసినాదాంట్లో అంకెలు తప్పు నేవు. మా లేబరేటరీల తప్పు పడినా కాగితం సింపేవోళ్లం కాదు. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైంది రాసి, కింద పేరెట్టేవోళ్లం. పాతదీ కనిపించాల, కొత్తదీ కనిపించాల. సింపేస్తే, ఎందుకు సింపినారోనని సూసినోళ్లకి ఇంకో అనుమానం."

మీనాకుమారి పెన్ను పక్కన పెట్టి ఫోన్ మీదికి వంగింది. ఆమె టైపు చేస్తుంటే సూసన్న తొంగి చూడలేదు. సాయంత్రం బండిలో తిరిగి వస్తూ చూసింది. పాత రెండు అభిప్రాయాలూ అలాగే ఉన్నాయి. వాటి కింద: "సూసన్న గారు స్వయంగా వచ్చి సరుకిచ్చారు. ముసలాయన ఆవిడ బంధువు, దొంగ కాదు. అరవైలో సగం పొట్లం కట్టినందుకు, సగం అల్లినందుకు. ఆ సంగతి ముందే రాయవలసింది. ధర దగ్గర నేను రెండు వందలు బేరమాడాను. ఆ సంగతి నేను కూడా ముందే రాయవలసింది."

ఇంటికి చేరాక అత్తాకోడళ్లు కూర్చుని కొట్టు తీరు మార్చారు. పోస్టు దగ్గర పోస్టాఫీసు తీసుకునేదే వేశారు. పొట్లం కట్టినందుకు విడిగా ముప్పై. గుడ్డ ధర మళ్లీ తొమ్మిది వందలు. దాని పక్కన, ఒక గుడ్డకు తొమ్మిది సాయంత్రాల పని అని. తబితకు ఇప్పుడు సొంత కార్డుంది కాబట్టి పేరు మార్చుకుందామా అని రాబిన్ అడిగాడు. తబిత అత్త వైపు చూసింది. సూసన్న ఒప్పుకోలేదు.

"హెచ్చరికున్నాది నా పేరు మీద. అది పోయేదాక పేరు నాదే."

ఆపై మూడు వారాలు ఒక్క ఆర్డరూ రాలేదు. చర్చి మెట్ల మీద జ్ఞానరత్నం, "రేటు పెంచేసినారటమ్మా," అని మాత్రం అంది. తబిత లేసు సూదిని దారపు ఉండలో గుచ్చే తీరులో ఆమె చెప్పదలచుకున్నది వినిపించేది. పాత పద్ధతిలో నెలకు మూడు పోయేవి.

నాలుగో వారంలో చక్రధర్‌పూర్ నుంచి ఒకామె సందేశం పంపింది. గుడ్డ చాలా బాగుందట. పోస్టు డెబ్బయ్యేనా, తరువాత ఇంకేమైనా కలుపుతారా అని అడిగింది. తరువాత ఏమీ కలపం అని తబిత రాసింది. అయితే ధర ఏడు వందలు చేసుకోండి అని వచ్చింది.

తబిత ఫోన్ పట్టుకెళ్లి సూసన్న చేతిలో పెట్టింది. "పేరు మీది గదా అత్తా. మీరే సెప్పండి."

సూసన్న కళ్లద్దాలు పెట్టుకుంది. "తగ్గదు. తొమ్మిది సాయంత్రాల పని." అని టైపు చేసి, ఇంకోసారి చదువుకుని, కింద పూర్తి పేరు వేసి పంపింది. అవతలామె చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

"పోనాది బేరం," అంది తబిత.

"పోనీ."

అన్నది గానీ, పొయ్యి మీద చారు పెట్టి, దించి, వడ్డించేదాకా సూసన్న ఆ ఫోన్‌ను వంటింటి గట్టు మీద, తనకు కనిపించేలాగే ఉంచుకుంది.